రెక్క కొసన నడిచే మనిషి

తిమోతి శవపెట్టెను గుంతలోకి దించుతున్నారు. పాస్టరు ప్రార్థన ఇంకా అయిపోనేలేదు, కాంట్రాక్టరు మనిషి జగదీశ్వర్ వ్యాను హారన్ కొట్టాడు. మనూరు పల్లెలో శవం ముందర హారన్ కొట్టినవాడు ఇంతకుముందు పుట్టలేదు! వెనకే తిమోతి చావు మీద విచారణకు ఒక పోలీసు జీపు కూడా వచ్చి ఆగింది.

"ఎక్కుర్రి జల్దీ! ఆడ విమానాలు లైను కట్టినయి. మీరంత ఈడుంటే నెట్టేదెవడు?"

తిమోతి భార్య లిదియా తలెత్తింది. పట్నం ఎయిర్‌పోర్టులో విమానాలను ట్రాక్టరుతో వెనక్కి నెట్టేది నారాయణఖేడ్ చుట్టుపక్కల కూలి పిల్లలే. నెట్టేటప్పుడు రెండు రెక్కల కొసన ఇద్దరు నడవాలి. అడ్డముంటే చెయ్యెత్తి ఆపాలి. తిమోతి పోయిన రోజు రద్దీ ఎక్కువైంది. ఒక రెక్క దగ్గరి పీటర్‌ను జగదీశ్వర్ ఇంకో విమానానికి తరిమాడు. తిమోతి ఒక్కడే ఆ రెక్కకూ ఈ రెక్కకూ ఉరికి ఉరికి ట్రాక్టరు కింద పడ్డాడు. విమానం ఆలస్యమైతే విమాన కంపెనీకి కారణం చెప్పాలి కదా! తిమోతి అజాగ్రత్తే కారణమని కాంట్రాక్టరు చెప్పాడు. చచ్చినవాడు వచ్చి కాదంటాడా?

మొగుడు ఎలాగూ రాడు, ఆ నింద మాత్రం అతనితో మట్టిలోకి పోకూడదు.

"జగదీశ్వర్, తప్పు నా మొగునిదా? గీ మంది ముంగట చెప్పు."

"అయిందేదో అయింది. ఇగ ఇడ్శిపెట్టు."

గుంత అవతల నిలబడ్డ అబ్దుల్ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ట్రాక్టరు నడిపింది అతనే.

"భాబీ, ఒక రెక్క కాడ మనిషి లేడు, ఆపుతనన్న. నెట్టు, నెట్టు అని ఒర్రింది గీడే!"

"నన్ను ఆన్నుంచి ఎల్లగొట్టింది గూడ గీడే," అన్నాడు పీటర్.

జగదీశ్వర్ పోలీసుల వైపు తిరిగాడు. "ఇన్నరు గద సార్! ట్రాక్టరు నడిపిన అని ఆడే ఒప్పుకున్నడు."

నిజం చెప్పినందుకు పోలీసులు అబ్దుల్ రెక్కలు విరిచిపట్టి జీపులోకి తోశారు. లిదియా ఒక్క ఉదుటున వెళ్లి జీపు ముందు కూలబడింది.

"ఈయన సంపలే. తీస్కపోతే నా మీదికెల్లి పోండ్రి."

"నువ్వొక్కదానివే ఏంది బిడ్డా?" అంటూ కంది కోత కూలి కిష్టవ్వ ఆమె పక్కన చతికిలబడింది. పీటర్ కూర్చున్నాడు. వ్యాను ఎక్కాల్సిన వాళ్లంతా కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే కూర్చున్నారు.

జగదీశ్వర్ ఫోన్ మోగింది. అవతల కాంట్రాక్టరు అరుపులు అందరికీ వినబడ్డాయి. "మనుషులేరి? ఒక్క విమానం కదుల్తలేదు! కారణమేం చెప్పాలె?"

లిదియా లేచి జగదీశ్వర్ చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

"తిమోతి పెండ్లాన్ని. మేమే ఆపినం. తప్పు ఆయనది కాదని నీ నోటితోని చెప్పు. అబ్దుల్ భాయిని ఇడిపించు. అప్పటిదాంక ఒక్కడు గూడ రాడు."