ఆ ఊఁ ఎవరిది

అద్దంకి పోస్టాఫీసుకు టెలిఫోను వచ్చి ఏడాది కాలేదు. బుడాన్‌కు దాని మొహం చూస్తేనే గిట్టదు. బేరమంటే మనిషి ఎదురుగా ఉండాలి. తువ్వాలు కింద చేతులు కలవాలి. వేళ్లు నొక్కి ధర చెప్పాలి. పక్కవాడికి తెలియకూడదు.

గుంటూరు మిరప వ్యాపారి సంజీవరావు మాత్రం కొత్త వేషం మొదలుపెట్టాడు. గుంటూరులో తనూ, దర్శిలో బడి చెప్పుకుంటున్న పొలం ఆసామి రామచంద్రమూర్తి పంతులుగారూ, అద్దంకిలో ఆ పొలం పాలుకు చేసి మిరప పండించిన బుడానూ, ముగ్గురూ ఒకే లైను మీద మాట్లాడుకోవాలట. దాన్ని కాన్ఫరెన్సు అంటారట.

కళ్లంలో కాయ ఎండి గలగలమంటోంది. పడమట మబ్బు పట్టింది. ఏడాది పంటంతా ఆ మబ్బు కిందే ఉంది. అందుకని బుడాన్ పళ్లు కొరుక్కుంటూ పోస్టాఫీసుకు వచ్చాడు.

ఫోను దగ్గరి స్టూలుకూ, లైన్లు కలిపే బుల్లయ్య కుర్చీకీ మధ్య చెక్క అడ్డు. బుల్లయ్య అతనికి చిన్నప్పటి నేస్తం. తీగలు అటూ ఇటూ గుచ్చాడు. గుంటూరు వస్తే దర్శి పోయింది. దర్శి వస్తే ఎవరో ఆడమనిషి, "పత్తి మిల్లాండీ?" అంది. చివరికి ముగ్గురూ కలిశారు.

"పంతులుగారూ, వినపడుతోందా?" అన్నాడు సంజీవరావు. "బుడాన్ కూడా ఉన్నాడండీ."

"ఉన్నాడా? ఏడీ?"

"ఇక్కడే ఏడిశాను పంతులుగారూ!" అని అరిచాడు బుడాన్.

సంజీవరావు ఎత్తుకున్నాడు. మార్కెట్టు పడిపోయిందన్నాడు. కాయకు రంగు లేదన్నాడు, కాయను చూడకుండానే. చెప్పీ చెప్పీ, పోయినేటి ధరలో సగానికి కాస్త పైన ఒక మాట అన్నాడు. బుడాన్‌కు ఒళ్లు మండింది. తిట్టడానికి ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఊఁ" అని వినిపించింది.

ఒక చెవికి ఫోనులోంచి, రెండో చెవికి చెక్క అవతలినుంచి.

"శభాష్! బుడాన్ ఊఁ అన్నాడు. ఖాయం. లారీ పంపుతున్నా."

"నేనెక్కడన్నాను?"

"నేనూ విన్నానయ్యా," అన్నారు పంతులుగారు. "నన్నొక మాట అడగాల్సింది."

లైను తెగింది.

బుడాన్ చెక్క దాటి వచ్చాడు. "ఒరేయ్ బుల్లయ్యా, నా కాయ అమ్మడానికి నువ్వెవడివిరా?"

"నేనేం చేశాను?"

"ఊఁ అన్నావు."

"అలవాటురా. ఎవరన్నా చెప్తుంటే ఊఁ కొట్టకుండా ఉండలేను."

"నిన్నిక్కడ కథలు వినడానికి కూర్చోబెట్టారా?"

"లైను వింటున్నానని తెలిస్తే ఉద్యోగం పోతుంది. నువ్వే అన్నావనుకోరా."

"అనుకుని? పంట సగానికి ఇచ్చి రానా?"

ఇవ్వనంటే ఇంకో తంటా. ఊఁ అని వెనక్కి పోయినవాణ్ణి మార్కెట్టులో మళ్లీ ఎవడూ తువ్వాలు కింద చెయ్యి పెట్టనివ్వడు.

"కలుపు. ఇద్దర్నీ."

మళ్లీ అదే గోల. గుంటూరు ఖాళీ లేదన్నారు. దర్శి పలకలేదు. గాలి లేచి పోస్టాఫీసు తలుపు కొట్టుకుంది. బుడాన్ లేచి మబ్బు చూసి వచ్చి కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. వానకు తొందర, తీగకు తొందర లేదు.

కలిశాక అరిచాడు. "ఆ ఊఁ నాది కాదు! పోస్టాఫీసుది!"

సంజీవరావు నవ్వాడు. "పోస్టాఫీసు ఎప్పట్నుంచి మిరపకాయలు అమ్ముతోందయ్యా?"

"అన్నవాణ్ణే చెప్పమను బుడానూ," అన్నారు పంతులుగారు.

బుడాన్ చెక్కను అరచేత్తో బాదాడు. "చెప్పరా!"

బుల్లయ్య చెక్క మీంచి రెండు చేతులూ జోడించాడు.

"ఏమయ్యా, నువ్వేనా?" అని గద్దించాడు సంజీవరావు.

"ఊఁ" అన్నాడు బుల్లయ్య.



"అదే!" అన్నారు పంతులుగారు. "ముక్కుతో అన్న ఊఁ! అదే నేను విన్నది!"

సంజీవరావుకు కాదనడానికి దారి లేకపోయింది. "సరే, ఆ బేరం లేదు. నీ ధర చెప్పు మరి."

"ఈ తీగ మీద చెప్పను. కాయ నేనే వేసుకొస్తున్నా. తువ్వాలు ఉతికించి పెట్టుకో."

ఫోను పెట్టేసి బయటికి నడిచాడు. బుల్లయ్య గుమ్మందాకా వెంటబడ్డాడు.

"వాళ్లు పైవాళ్లకు రాస్తే నా గతేంట్రా? నువ్వు చెప్తే రాయరు. చెప్తావుగా?"

ఊఁ అంటే చాలు, మాట ఇచ్చినట్టే. అది బుడాన్ గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని కళ్లం వైపు నడిచాడు.