పంటి చొక్కా

అసుంత ఇంట్లో గ్రాపా సీసా ఉండవలసిన చోటు భోజనాల గదిలోని అద్దాల బీరువా. మొగుడు జీనో బతికున్నన్నాళ్ళూ అది అక్కడే ఉండేది. ద్రాక్ష పిప్పి ఉడికించి ఇంట్లోనే దించిన ఘాటు సారా అది. ఆయన పోయాక మిగిలిన ఆఖరి సీసా ఈ చెరకు కోతల కాలంలో బట్టలుతికే గదికి, సబ్బు పొడి డబ్బా వెనక్కి మారింది. ఎందుకు మారిందని అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఆమె చెప్పవలసిన అవసరమూ రాలేదు.

కోడలు కీలీ మళ్ళీ బేకరీ పనిలో చేరబోతూ, పిల్లని అత్తగారి చేతిలో పెట్టి రెండు మాటలు తీసుకుంది. పళ్ళొచ్చే పిల్ల కదా అని చిగుళ్ళకి గ్రాపా రాయకూడదు. మెళ్ళో వేసిన అంబర్ పూసలు తియ్యకూడదు. ఎప్పటిదో చెట్టు జిగురు గట్టిపడి రాయిలా అయిన పూసలవి. ఒంటి వేడికి వాటిలోంచి ఏదో నూనె దిగి నొప్పిని లాగేస్తుందని తల్లుల గుంపులో అందరూ చెప్పారట. పసిపిల్లల నర్సు వద్దందట గానీ, ఆవిడ అన్నీ వద్దనే మనిషట.

"సారా చుక్క కూడా పిల్లలకి విషమే నోన్నా. ఆ ఒక్కటీ మాత్రం నర్సు మాటే వింటాను," అంది కీలీ. పిల్ల పుట్టాక ఆ ఇంట్లోనే కాదు, వీధంతా అసుంతని నోన్నా అనే, అంటే వాళ్ళ భాషలో బామ్మ అనే, పిలుస్తున్నారు.

"నువ్వు చెప్పాక ఇంకేముంది తల్లీ," అంది అసుంత.

అసుంత వైపు వైద్యం వేరు. చొక్కాకి పగడం ముక్క గుచ్చాలి, కొరకడానికి ఎండు రొట్టె ఇవ్వాలి, అప్పటికీ ఆగకపోతే గ్రాపాలో ముంచిన వేలు. చెరకు కొట్టేవాళ్ళ రేకుల షెడ్డులో ఆమె తల్లి ఆమెని అలాగే పెంచింది. ఆమె తన కొడుకు దారియోని అలాగే పెంచింది. నమ్మకాల విషయంలో అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళే, పుస్తకాలే వేరు.

ఊళ్ళో అసుంతని నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని చెప్పుకుంటారు. చర్చిలో పూలు సర్దేది ఆమే. ఎవరింట్లో చావైనా వండిన లసాన్యా పళ్ళెం పట్టుకుని ముందుగా గుమ్మం ఎక్కేది ఆమే. అలాంటి మనిషి ఇచ్చిన మాట వారం తిరక్కుండా తప్పింది.

ఆ రోజు ఆకు కదలని ఉక్క, మిల్లు మీంచి మాడిన బెల్లం వాసన. పిల్ల ఫ్లావియా పొద్దున్నుంచీ గుక్కపట్టింది. చల్లటి గుడ్డ ఇస్తే విసిరేసింది, ఎండు రొట్టె ఇస్తే విసిరేసింది. పగడం తన పని తాను చూసుకుంటూ ఊరుకుంది, అంబర్ పూసలూ ఊరుకున్నాయి. పిల్లని భుజాన వేసుకుని వరండా అంతా తిరిగి మోకాళ్ళు పట్టేశాక, "ఒక్క చుక్కకి ఏమవుతుందే, మీ నాన్న చచ్చాడా?" అని పిల్లనే అడిగి, అసుంత సీసా మూత తీసి వేలు ముంచింది. పిల్ల మొహం చిట్లించింది, చప్పరించింది, కాసేపటికి భుజం మీద వాలిపోయింది.

పడుకోబెట్టబోతే మెడ మీద పూసల దండ కనిపించింది. పిల్ల పక్కకి తిరగ్గానే అది చెవి కింద బిగుసుకుంది. అసుంత వేలు దూర్చి వదులు చేసింది. దండ తీసి కిటికీ అంచున పెట్టింది. సాయంత్రం కీలీ కారు చప్పుడు వినపడగానే మళ్ళీ వేసేసింది.

కీలీ లోపలికొచ్చి, హాయిగా నిద్రపోతున్న కూతుర్ని చూసి, ఆ పూసల్ని ముద్దు పెట్టుకుంది. చూశావా, పని చేస్తున్నాయి, అంది. నిజం చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం లేదు. అసుంత టీ పెట్టడానికి లేచింది.

అది మొదలు. ఆ తర్వాత పిల్ల గట్టిగా ఏడ్చిన రోజల్లా సీసా మూత తెరుచుకుంది, దండ కిటికీ ఎక్కింది, కారు చప్పుడుకి దిగింది. ఆదివారం పూజలో అందరూ ప్రసాదానికి లేస్తే, పాపం ఒప్పుకోకుండా అది ముట్టకూడదని, మోకాళ్ళ నొప్పని చెప్పి అసుంత కూర్చునే ఉండిపోయింది. ఒకసారి ఫాదర్ దగ్గర మోకరిల్లి, చిన్న అబద్ధం ఆడానని చెప్పుకుంది. ఏ అబద్ధమో చెప్పలేదు. ఆయనా భోజనం వేళ తొందరలో ఉండి అడగలేదు.

ఒక ఆదివారం భోజనానికి కీలీ తన స్నేహితురాలు షెర్రిన్‌ని తీసుకొచ్చింది. షెర్రిన్‌కీ ఫ్లావియా ఈడు కొడుకు, టేట్. వాడికీ పళ్ళొస్తున్నాయి. షెర్రిన్ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి, ఫోర్కు పట్టుకునే కునికిపాట్లు పడుతోంది. కీలీ ఆమెకి పూసల మహిమ చెప్పింది. దారియో చెరకు రైలు నడుపుతాడు, ఆ రోజు సెలవు. వాడు మొక్కజొన్న పిండితో వండిన పొలెంటా వడ్డించుకుంటూ తల్లిని ఆటపట్టించాడు.

"నీ పగడం పని అయిపోయిందమ్మా. ఇక మ్యూజియంలో పెట్టుకో."

అందరూ నవ్వారు. షెర్రిన్ మాత్రం నవ్వకుండా అసుంత వైపు తిరిగింది.

"నిజమేనా నోన్నా? అవి వేసుకునే పడుకుంటుందా?"

అసుంత లేచింది. "పిల్ల బాగానే పడుకుంటుందమ్మా," అంది, ఖాళీ పళ్ళేలు తీస్తూ. మాటలో తప్పు లేదు. పిల్ల నిజంగానే బాగా పడుకుంటోంది. వంటింట్లో పళ్ళేలు కడుగుతుంటే, కీలీ తన దగ్గరున్న రెండో దండ తెచ్చిస్తానని షెర్రిన్‌కి చెప్పడం వినిపించింది. వెళ్ళి వద్దనాలని చేతులు తుడుచుకుంది కూడా. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే దండ దగ్గర మొదలై మాట సీసా దాకా వెళ్తుంది. ఆ పైన ఈ ఇంటికి పిల్ల రాదు. మళ్ళీ కుళాయి తిప్పింది.

తర్వాత కొన్నాళ్ళకి, గ్రాపా రాస్తున్న వేలికి కింది చిగురు మీద గరుగ్గా ఏదో తగిలింది. పన్ను. బియ్యపు నూకంత.

అసుంత వాళ్ళ ఇళ్ళల్లో మొదటి పన్ను ఎవరు ముందు కనిపెడితే వాళ్ళు పిల్లకి చొక్కా పెట్టాలి. అంగట్లో కొన్నది కాదు, చేత్తో కుట్టింది. దారియో పన్ను వాళ్ళ మేనత్త కనిపెట్టి వీధంతా కేకేసింది. అసుంతకి ఆ అదృష్టం ఇప్పుడొచ్చింది, నోరు తెరిచి చెప్పుకోవడానికి లేకుండా వచ్చింది. చెంచాకి తగిలి టక్కుమందని చెప్పొచ్చుగా అని సాయంత్రం తోచింది. పొద్దున తోచలేదు. దొంగతనంగా పెట్టిన వేలు తప్ప అప్పుడు ఆమెకి ఇంకేమీ గుర్తు లేదు. అయినా ఉండబట్టలేక పాత పెళ్ళి దుప్పటి కత్తిరించి తెల్ల చొక్కా మొదలుపెట్టింది.

మెడ పట్టీ కుడుతుండగానే కీలీ ఫోన్. అన్నం తినిపిస్తుంటే చెంచా టక్కుమందట. "నేనే ముందు చూశాను నోన్నా," అని ఒకటే సంబరం. కానీ సూదిలో దారం ఎక్కించడం రాదు, తన పేరు మీద నువ్వే కుట్టిపెట్టవా అని బతిమాలింది. మర్నాటికే చొక్కా తయారైతే ఇంత తొందరగా ఎలా కుట్టావని ఆశ్చర్యపోయి, అత్తగారిని కౌగిలించుకుంది. అసుంత తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కీలీ వేళ కాని వేళ వచ్చింది. బేకరీ ఆప్రాన్ కూడా విప్పలేదు. వస్తూనే నేల మీద ఆడుకుంటున్న ఫ్లావియా మెళ్ళోంచి దండ విప్పబోయింది, తొందరలో కొక్కెం ఊడి రాలేదు. అసుంత విప్పింది. అప్పుడు చెప్పింది కీలీ. టేట్ పొద్దున దండతోనే ఉయ్యాల మంచంలో పడుకున్నాడు. నిద్రలో చెయ్యి దండలో దూరి మెడకి మెలిపడింది. షెర్రిన్ చూసేసరికి వాడి మొహం నల్లబడిపోయి ఉంది. అంబులెన్సు వాళ్ళు ఊపిరి తెప్పించారు. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు, మిగతాది వాడు కళ్ళు తెరిచాక చెప్తామన్నారు.

"నేనే ఇచ్చాను," అంది కీలీ. "మా పిల్ల నోన్నా ఇంట్లో రోజూ ఇవి వేసుకునే పడుకుంటుందని చెప్పి మరీ ఇచ్చాను. షెర్రిన్ వద్దు వద్దంటే ఏం కాదన్నాను." కుర్చీలో కూలబడి ఏడ్చింది. కాసేపటికి తలెత్తి అడిగింది, "ఇన్నాళ్ళూ నీ కళ్ళ ముందే పడుకుంది కదా. నీకెప్పుడూ భయమెయ్యలేదా?"

ఇప్పుడు కూడా "లేదు" అంటే సరిపోయేది. పిల్ల ఈ ఇంటికే వచ్చేది, సీసా సబ్బు పొడి వెనకే ఉండేది. కానీ ఎదురుగా కూచుని ఏడుస్తున్న కీలీ అత్తగారి పాపాన్ని కూడా నెత్తిన వేసుకుని ఏడుస్తోంది. అది చూస్తూ ఊరుకోవడం అసుంత వల్ల కాలేదు. లేచి వెళ్ళి సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. నిలబడే మొత్తం చెప్పింది. ఏ రోజు మొదలైందో, ఎలా రాసిందో, దండ ఎక్కడ పెట్టేదో, కారు చప్పుడుకి ఎలా పరిగెత్తేదో.

గ్రాపా గురించి కీలీ తిడుతుందని, పోలీసులకి చెప్తానన్నా అంటుందని అనుకుంది. తన తల్లి, అత్త, వీధిలో అందరూ అలాగే పెంచారన్న జవాబు నోటి చివర సిద్ధంగా ఉంది. కీలీ సీసా వైపు చూడనే లేదు.

"తీసేసేదానివి," అంది.

"అవును."

"ఎందుకు?"

"మెడకి బిగుస్తుందని భయమేసింది."

"మన పిల్లకి తీసేశావు," అంది కీలీ నెమ్మదిగా. "ఆ రోజు షెర్రిన్ నిన్నే అడిగింది నోన్నా. నన్ను నమ్మక నిన్ను అడిగింది."

అసుంత తల్లీ అత్తా వీధీ ఎవరూ ఈ మాటకి అక్కరకు రాలేదు. మొహం చేతుల్లో పెట్టుకుందామంటే అదీ నాటకంలా అనిపించి మానేసింది.

కీలీ పిల్లని ఎత్తుకుని, సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఇక పిల్ల మొహం చూడనివ్వదని అసుంత అనుకుంటుండగా, వెనక్కి తిరక్కుండానే, కారెక్కు అంది.

"ఎక్కడికి తల్లీ?"

"ఆసుపత్రికి. నాకు చెప్పింది షెర్రిన్‌కి కూడా నీ నోటితోనే చెప్పు."

వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చుంది అసుంత. ఫ్లావియా ఒంటి మీద ఆ తెల్ల చొక్కాయే ఉంది. ఊరు దాటాక పట్టాల దగ్గర ఆగవలసి వచ్చింది. చెరకు బళ్ళు లాక్కుంటూ దారియో రైలే పోతోంది. వాడు వీళ్ళ కారు చూసి, షికారుకి బయల్దేరారనుకున్నాడో ఏమో, కూత వేసి చెయ్యి ఊపాడు. ఇద్దరూ చెయ్యెత్తలేదు.

బళ్ళు పోతూనే ఉన్నాయి. ఫ్లావియా విసుగొచ్చి బామ్మ చెయ్యి లాక్కుని, చూపుడు వేలు ఏరి నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. అలవాటైన రుచి కోసం వెతికి మళ్ళీ చప్పరించింది. కీలీ అద్దంలోంచి చూస్తూ ఉంది.

"ఆ పన్ను కూడా ముందు నీకే తెలుసు కదూ?" అంది.

"తెలుసు," అంది అసుంత.

కీలీ చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది. వేలికి ఏ రుచీ లేకపోయేసరికి పిల్లకి కోపమొచ్చి, ఉన్న ఒక్క పన్నుతో గట్టిగా కొరికింది. అసుంత వేలు తీసుకోలేదు.