పైకప్పు కింద పదకొండు వారాలు

కంప్యూటర్ గదికి ఎవరొచ్చినా గుమ్మంలోనే "చివర ఎవరు?" అని అడుగుతారు. సియెన్‌ఫ్యూగోస్ ఊళ్లో రొట్టెల కొట్టు దగ్గరా అంతే, బస్సు దగ్గరా అంతే. "నేను" అన్న మనిషి మొహం గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ మనిషి తర్వాత మన వంతు.

పదకొండు వారాల క్రితం ఒదాలిస్ కూడా అలాగే అడిగింది. నలభై ఒక్కేళ్ల మనిషి. పంచదార మిల్లులో చెరకు లారీలు తూస్తుంది. ఆరేళ్లుగా పని దిగాక చదువుకుంటోంది. ఎండలో చెరకు ఎండిపోకుండా ఏ లారీని ముందు దించాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. అది ఒక్కసారి నడిచి, ఫలితం కాగితం మీదికి రావాలి. ఈ శుక్రవారం నాలుగింటికల్లా కాలేజీలో చూపించకపోతే పేరు కొట్టేస్తారు. ఆరేళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది.

యంత్రం ఒక్కటే, బల్గేరియా నుంచి ఓడలో వచ్చింది. దాని బుర్రా ఒక్కటే. లోపల పెత్తనం చేసే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ బుర్రను రెప్పపాటు చొప్పున అందరి పనులకూ పంచుతుంది. కానీ అధికారుల నుంచి ఎర్ర అట్ట ఫైలుతో వచ్చిన పనికి మొదటి తరగతి. అది వస్తే తక్కినవన్నీ ఆగాలి. ఎర్ర అట్ట రాని రోజు లేదు. లేనివాళ్ల పనిని ఎవరూ కాదనరు. రేపు రమ్మంటారు, అంతే.

ఆ గదిలో ఎదురుచూసేవాళ్లు నేల వదిలి గాల్లోకి వారానికో జానెడు లేస్తారు. ఇంటికి పోయి మర్నాడొచ్చినా, అడుగుపెట్టగానే నిన్నటి ఎత్తుకు చేరతారు. వంతు రాగానే దిగిపోతారు. ఫ్యాన్ రెక్కలు జాగ్రత్త అనడం తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడరు. చిక్కల్లా ఒకటే. కొత్తవాళ్లు కళ్లెదుటి మొహాలనే అడుగుతారు, పైకి చూడరు. పైగా ఒదాలిస్ ఎవరి మొహం గుర్తుపెట్టుకుందో ఆ ముసలాయన విసుగెత్తి రావడం మానేశాడు. వరసలో ఆమె కొస తెగిపోయింది.

శుక్రవారం రెండు దాటింది. ఒదాలిస్ తల పైకప్పుకు ఆనుతోంది. కింద రిగోబెర్తో అనే అధికారి ఎవరినీ అడక్కుండా నేరుగా యంత్రం నడిపే హోర్తెన్సియా బల్ల దగ్గరికి వెళ్లి ఎర్ర అట్ట పెట్టాడు.

"ఇది తొందర."

"మీకు తొందర కానిదెప్పుడు, కామ్రేడ్? పోయిన వారం కొంపలంటుకున్నాయన్నారు. ఆ కాగితాలు ఇక్కడే పడున్నాయి, తీసుకెళ్లే దిక్కులేదు."

"అక్కా" అని పైనుంచి పిలిచింది ఒదాలిస్. ఫ్యాన్ల హోరులో వినపడలేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు ఎడమకాలి చెప్పు విప్పి, గురి చూసి వదిలింది.

అది మీటల మీద పడింది. ఎంత పెద్ద పనిలో ఉన్నా, మీట నొక్కితే ఆగి ఎవరు పిలిచారో చూడటం యంత్రం ధర్మం. ఆగింది. హోర్తెన్సియా తలెత్తింది.

"ఎప్పట్నుంచే అక్కడ?"

"పదకొండు వారాలు."

"నోరు లేదూ?"

"ఉంది. నీ ఫ్యాన్లకే చెవుల్లేవు."

హోర్తెన్సియా మొహం జేవురించింది. ముప్పై ఏళ్లుగా ఆ గది ఆమెది. కూర్చుని సిస్టమ్‌కు కొత్త కట్టడి ఒకటి రాసింది: ఎదురుచూసిన ప్రతి రోజుకూ పని ఒక మెట్టు పైకెక్కాలి.

"నాది మొదటి తరగతి" అన్నాడు రిగోబెర్తో.

"మీరొచ్చి పది నిమిషాలు. ఆమెది డెబ్బై ఏడో మెట్టు. నాతో కాదు, యంత్రంతో వాదించుకోండి."

ప్రోగ్రాం మూడు నిమిషాలు కూడా తీసుకోలేదు. ప్రింటరు టకటకలాడుతుంటే ఒదాలిస్ నెమ్మదిగా దిగింది. నేల చల్లదనం అరికాలికి తగిలాక గానీ ఊపిరి తిరగలేదు. కాగితాలు గుండెకు అదుముకుని గుమ్మం వైపు నడిచింది.

"చెప్పు తీసుకెళ్లవే."

"ఉంచక్కా. ఇంకెవరికైనా పనికొస్తుంది."

ఆమె వెళ్లాక రిగోబెర్తో ఫైలు బల్ల మీంచి తీసి చంకలో పెట్టుకుని వరస వైపు తిరిగాడు. తర్వాత గొంతు సవరించుకుని, "చివర ఎవరు?" అన్నాడు.

"నేనే" అంది కిటికీ దగ్గరి పిల్ల.

అతను ఆ మొహాన్ని శ్రద్ధగా చూసి గుర్తుపెట్టుకున్నాడు.