అడిగి ఫోటో తియ్యండి

శీతాకాలంలో అరకు వెళ్లిరాని వాళ్లు మనలో తక్కువ. పొద్దుటి మంచు, పసుపుపచ్చగా విరబూసిన వలిసె చేలు, సాయంత్రం థింసా నాట్యం. ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని ఆడవాళ్లు అడుగులేస్తుంటే ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. వాటిలో చాలామటుకు ఇంట్లో ఆల్బంలోకి పోతాయి. కొన్ని బొమ్మలుగా మారి చొక్కాల మీదకు ఎక్కుతాయి. అలా ఎక్కిన ఒక బొమ్మ ఎంత పని చేసిందో వినండి.

డుంబ్రిగుడ దగ్గర ఒక గూడెంలో స్వర్ణ అనే అమ్మాయి ఉండేది. విశాఖపట్నంలో గుడ్డల మీద అచ్చువేసే పని నేర్చుకుని వచ్చి, రెండువేల మూడు ప్రాంతంలో టీషర్టుల మీద బొమ్మలు వేసి బతికేది. బొమ్మ తనే గీసి, సన్నటి గుడ్డ బిగించిన చెక్క ఫ్రేము మీదకు ఎక్కించి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్కో చొక్కా మీదా లాగేది. ఆమె వేసిన కొండలూ కాఫీ కొమ్మలూ బస్టాండు ఎదుట శివప్రసాద్ షాపులో అమ్ముడయ్యేవి. అతను విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. ఆమె సరుకు కొనే షాపు అదొక్కటే.

ఆ ఏడు శివప్రసాద్ ఒక కొత్త బొమ్మ గీయించి తెచ్చాడు. ముక్కుకు మూడు పోగులున్న ముసలమ్మ, రవిక లేకుండా, కల్లుకుండ ఎత్తి తాగుతూ పళ్లికిలిస్తోంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ‘జంగిల్ మామ్మ’ అని ఉంది. స్వర్ణకు మనసొప్పలేదు. కాదంటే సీజను పోతుందని వేసిచ్చింది. వేసినవన్నీ ఇట్టే అమ్ముడుపోయాయి.

స్వర్ణ పెద్దమ్మ రత్నాలు థింసా జట్టుకు పెద్ద. ఆమె ముక్కుకూ మూడు పోగులే. సంతలో అల్లం అమ్ముకుంటుంటే ఆ చొక్కా తొడుక్కున్న కుర్రాడొకడు స్నేహితులతో వచ్చి, బొమ్మనీ ఆమెనీ మార్చి మార్చి చూసి, మామ్మ ఇక్కడే ఉందిరా అన్నాడు. పక్క అంగట్లోంచి కుండ తెచ్చి ఎత్తి పట్టుకోమన్నారు. ఆమె వద్దంది. బొమ్మలో ఉన్నట్టే రావాలని ఒకడు ఆమె కొంగు లాగబోయాడు. రత్నాలు తరాజు కర్రతో వాడి చెయ్యి విరిగేటట్టు కొట్టింది. అప్పుడే సంతకు వచ్చిన స్వర్ణ అదంతా కళ్లారా చూసింది.

ఇంటికొచ్చాక ఆ బొమ్మ ఎవరు వేశారని రత్నాలు అడిగింది. నేనేనని స్వర్ణ ఒప్పుకుంది. పెద్దమ్మ తిట్టలేదు.

“రైక నేకపోడం మాకు సిగ్గు కాదే గుంటా. పదిమంది నవ్వాలని ఆ బొమ్మేసినావు సూడు, అదీ సిగ్గు.”

మర్నాడు శివప్రసాద్ ఇంకో కట్ట చొక్కాలు ముందర పెట్టాడు. స్వర్ణ అతని ఎదుటే బ్లేడుతో ఆ బొమ్మ ఉన్న ఫ్రేము గుడ్డను నిలువునా చీరేసింది.

“నువ్వు కాకపోతే వైజాగులో వేయిస్తాను. నీ కొండలూ కొమ్మలూ ఎవడు కొంటాడు?” అన్నాడతను.

“కొనకపోతే మేమే తొడుక్కుంటాం,” అంది స్వర్ణ.

అన్నంత పనీ చేసింది. చేతులు పెనవేసుకుని సూటిగా ఎదుటికి చూస్తున్న ఆడవాళ్లను గీసి, కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ‘అడిగి ఫోటో తియ్యండి’ అని వేసింది. సంతలో గోనెపట్టా పరిచి అమ్మితే కొన్నవాళ్లు కొద్దిమందే. ఆ సీజనంతా ఇల్లు గడవడం కష్టమైంది. అయినా పాత బొమ్మ జోలికి వెళ్లలేదు.

సీజను చివర్లో ఒక గెస్ట్‌హౌసువాళ్లు థింసాకు పిలిచారు. జట్టంతా చీరల మీద ఆ చొక్కాలు తొడుక్కుని వచ్చింది. అతిథులు నొచ్చుకుంటారు, విప్పేయండి అన్నాడు మేనేజరు. రత్నాలు వరసలోంచి చెయ్యి విడిపించుకుని నేల మీద కూచుంది. ఆమె వెనక అందరూ కూచున్నారు. వాయించేవాళ్లు డప్పులు కింద పెట్టేశారు. వేరే జట్టును పిలుస్తానని మేనేజరు బెదిరించాడు. పిలుచుకోమంది రత్నాలు. రత్నాలు జట్టును కాదని ఏ గూడెం నుంచీ ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అతిథుల్లోంచి ఒకామె లేచి వచ్చి, రత్నాలు ఎదుట గొంతుక్కూచుని, “అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చా?” అని అడిగింది.

రత్నాలు ఆమె ముఖంలోకి చూసి, “వద్దమ్మా,” అంది.

ఆమె తలూపి కెమెరా సంచిలో పెట్టేసుకుంది. మేనేజరుకు ఒళ్లు మండింది. మర్యాదగా అడిగినా కాదంటావేం అని గద్దించాడు. రత్నాలు లేచి నిలబడి, జట్టు మొత్తానికీ వినబడేటట్టు జవాబు చెప్పింది.

“అడిగింది కాబట్టే వద్దనగలిగినాను బాబూ. ‘వద్దు’ అనే మాట ఇన్నప్పుడే మీరు మమ్మల్ని మనుసులుగా సూసినట్టు.”