జీపు బంపర్‌లో లప్పం

భిలాయిలో జాముల్ వెళ్ళే దారిలో గురునాథరావు పెయింటు షెడ్డు ఉండేది. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, మొదట ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేన్లకు రంగులు వేసి, తర్వాత సొంతంగా స్ప్రే గన్ను కొనుక్కుని కార్ల పనికి దిగాడు. సెక్టర్ సిక్స్ నుంచి వైశాలి నగర్ దాకా ఎవరి ఫియట్‌కు గీత పడినా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన వేసిన రంగులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు అనేవారు. ఆ మాట విన్నప్పుడు ఆయన గన్ను తుడుచుకునేవాడు గాని, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

ఎనభై ఆరులో కుసుమ వచ్చింది. ఆయనతో పాటు క్రేన్లెక్కి రంగులేసిన అప్పలకొండ కూతురు. తండ్రి పోయాక డిప్లొమా చదివి, పూనాలో మూడేళ్ళు పనిచేసి, భిలాయి తిరిగొచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న రేకుల షెడ్డులో పౌడర్ కోటింగ్ పెట్టింది. రంగు పొడిని కరెంటు గన్నుతో చిమ్మితే ఇనుప సామానుకు పిండిలా అంటుకుంటుంది. దాన్ని రెండొందల డిగ్రీల పొయ్యిలో వేలాడదీస్తే కరిగి, ఒకటే పొరై గట్టిపడుతుంది. కారదు, చారలు పడదు, రాయి తగిలినా అంత తేలిగ్గా పెచ్చులూడదు.

గురునాథరావు దాన్ని పిండివంట అని వెక్కిరించేవాడు. కుసుమ మాత్రం ఆయనకు పని పంపేది. పాత సామాను రంగు గీకి, తుప్పు తీసే ఏర్పాటు ఆమె దగ్గర లేదు.

"బాబాయ్, ఒకటే మాట," అంది మొదటిరోజే. "పొయ్యిలోకెళ్ళే సామానుకి ఇనుము తప్ప ఇంకేటీ ఉండకూడదు. లప్పం ఉంటే పొంగిపోద్ది. బస్, అదొక్కటి చూసుకో."

"నాకు సెప్పాలేటమ్మా," అన్నాడాయన.

మాఘమాసంలో ఆమె దగ్గర్నుంచి రంగు గీకడానికి ఒక జీపు బంపర్ వచ్చింది. చూడగానే గుర్తుపట్టాడు. ప్లాంటులో ఆఫీసరు భుజంగరావుది. రెండేళ్ళ కిందట లారీ గుద్దితే ఆయనే బాగుచేశాడు. సొట్ట లోతుగా ఉంది. కాచి, సుత్తితో కొట్టి తియ్యాలంటే రెండు రోజుల పని. పెళ్ళిళ్ళ రోజులు, చేతినిండా కార్లు. సొట్ట పూడేలా అరచేతి మేర లప్పం ముద్ద దట్టించి, అరగదీసి, రంగు కొట్టేశాడు. భుజంగరావు వచ్చి వేలితో రాసి చూసి, "లప్పం పెట్టలేదు కదా?" అని అడిగితే, "చుక్క లేదండి, అంతా సుత్తి పనే," అన్నాడు. ఆ ఆఫీసరు ఆ బంపర్ చూపించే నలుగురు స్నేహితుల్ని ఆయన దగ్గరికి పంపాడు.

ఇప్పుడు రంగంతా గీకేసరికి మధ్యలో బూడిదరంగు మచ్చ బయటపడింది. దాన్ని తీస్తే సొట్ట కనబడుతుంది. కుసుమ అడుగుతుంది, భుజంగరావుకు తెలుస్తుంది. గురునాథరావు బంపర్‌ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, మచ్చ కప్పడిపోయేలా బంపరంతటికీ పల్చగా, వేడికి తట్టుకునే జింకు ప్రైమర్ కొట్టాడు.

"ఇదేటి బాబాయ్, ప్రైమర్ కొట్టినావు?" అంది కుసుమ, ఆయన బంపర్ తెచ్చివ్వగానే.

"తుప్పు పట్టకుండా. పల్చగానే కొట్టినాను."

"అచ్ఛా," అని ఆమె కొక్కేనికి తగిలించింది. ఇంకొక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో అని తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. అదీ అబద్ధమేనని ఆయనకు తెలుసు.

బంపర్ పొయ్యిలో పెట్టిన రోజు భుజంగరావు చూడ్డానికి వచ్చాడు. కార్లకు సీటు బ్రాకెట్లు చేసే ఒక ఫ్యాక్టరీ మేనేజరు శంకరరావు కూడా వచ్చాడు. ఆయన బ్రాకెట్లు పన్నెండు నమూనాకని అదే పొయ్యిలో, బంపర్ కింది వరసలో వేలాడుతున్నాయి. నచ్చితే నెలనెలా పని ఇస్తానన్నాడు. పని లేకపోయినా గురునాథరావు అక్కడికి వెళ్ళాడు. కాళ్ళు నిలవలేదు.

పొయ్యి తలుపు తియ్యగానే కమురు వాసన వచ్చింది. బంపర్ మధ్యలో రంగు కురుపులా పొంగి పగిలింది. అందులోంచి రాలిన ముక్కలు కింది బ్రాకెట్ల మీద కరిగిన రంగుకు అతుక్కుపోయాయి. కుసుమ ముందుకురికింది. వేడి చల్లారకుండానే ఒక బ్రాకెట్ పట్టుకుని వేళ్ళు కాల్చుకుంది.

శంకరరావు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. భుజంగరావు గురునాథరావు వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళ అనుభవం మీది. ఏమంటారు?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. కుసుమ కూడా. ఆమె చూపులో అనుమానం లేదు, ఆశ ఉంది. పెద్దవాడు, ఏదో కారణం చెప్పి ఆదుకుంటాడని.

"పిండి కదండి," అన్నాడు గురునాథరావు. "నమ్మలేం."

మర్నాటి నుంచి కుసుమ పొయ్యి విప్పింది. హీటర్లు చూసింది, ఎర్తు తీగలు మార్చింది, పౌడర్ డబ్బా పూనాకు తిప్పి పంపింది. మూడో రోజు వేళ్ళకు కట్టుతో ఆయన షెడ్డుకొచ్చింది.

"నాకేటీ అర్థం కావట్లేదు బాబాయ్. నా గన్నులోనే ఖరాబీ ఉందేమో. నువ్వేటంటావు?"

"అయ్యుండొచ్చు," అన్నాడాయన, నేల చూస్తూ.

ఆ వారమే శంకరరావు మూడొందల బ్రాకెట్లు రిక్షాలో గురునాథరావు షెడ్డుకు పంపాడు, మామూలు పెయింటే వెయ్యమని. వెనకే భుజంగరావు, ఆ రోజే పట్టుకుపోయిన పాడైన బంపర్‌ను మళ్ళీ రంగు వెయ్యమని పంపాడు. భార్య గున్నమ్మ బ్రాకెట్ల గుట్ట చూసి, "ఆ పిల్ల దగ్గరికి పోవాల్సింది మనకొచ్చింది. మన మంచితనం ఊరికే పోలేదు," అంది. ఆమె ఏ పాపమూ తెలియక అన్న మాట. ఆయన గన్నులో రంగు పోశాడు. మొదటి బ్రాకెట్ ఎత్తాడు. మళ్ళీ గుట్టలో పెట్టేశాడు. గన్నులో రంగు తిరిగి డబ్బాలో వంపేశాడు.

బంపర్ సైకిలు క్యారియర్‌కు కట్టుకుని కుసుమ షెడ్డుకు వెళ్ళాడు. పొంగిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. మాడిన లప్పం పొడిపొడిగా రాలి సొట్ట బయటపడింది.

"ఇది నేను పెట్టినదేనమ్మా. తెలిసే దాచినాను. నీ పొయ్యిలో ఏ లోపమూ నేదు."

కుసుమ కట్టున్న వేలితో ఆ సొట్టను తడిమింది. తిట్టలేదు. ఆయన తిట్లు తినడానికే వచ్చాడు.

"మా నాన్న మంచాన పడ్డప్పుడు నీ మాట వినమని చెప్పేడు," అంది. "మొన్న పొయ్యి తీసిన్నాడు నువ్వు నా ఎదురుగానే నిలబడ్డావు."

"అవునమ్మా."

"నాకు చెప్తే ఏటి లాభం? వాళ్ళిద్దరికీ చెప్పండి." ఆమె అంతవరకు ఆయన్ను ఎప్పుడూ మీరు అనలేదు. "ఇది కూడా పట్టుకెళ్ళి చూపించండి."

భుజంగరావు వరండాలోనే నిలబెట్టి విన్నాడు. "రెండేళ్ళు నేను మీ గురించి అందరికీ చెప్పుకున్నాను," అని మాత్రం అని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నెల తిరక్కుండా సెక్టర్ సిక్స్ నుంచి కార్లు రావడం ఆగిపోయింది.

శంకరరావు వేరే రకం మనిషి. బంపర్ తిప్పి తిప్పి చూశాడు. బ్రాకెట్లు కుసుమకే పంపిస్తాననీ, మళ్ళీ పన్నెండు నమూనా చూసి మిగతావి ఇస్తాననీ అన్నాడు. అన్నమాట ప్రకారం ఇచ్చాడు కూడా. కుసుమ పొయ్యి ఆ ఏడాదంతా చల్లారలేదు. గురునాథరావుకు మాత్రం ఆమె మళ్ళీ పని పంపలేదు.

బంపర్ చూపించిన రోజు శంకరరావు ఆయనకు టీ తెప్పించాడు.

"చేతికొచ్చిన పని వదులుకుని, వచ్చి నిజం చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారండీ. మీలాంటి వాళ్ళు అరుదు," అన్నాడు.

గురునాథరావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అలాగనకండి బాబూ," అన్నాడు. "భుజంగరావు గారడిగిన్నాడు నేను నోరిప్పితే ఆ పిల్ల వేళ్ళు కాలినా మనసు కాలీది కాదు." టీ తాగకుండానే లేచి వచ్చేశాడు.

బయట షిఫ్టు దిగిన వాళ్ళు సైకిళ్ళ మీద గుంపులుగా ఎదురొస్తున్నారు. సగం మంది తెలిసినవాళ్ళే. ఒకరిద్దరు గంట కొట్టి పలకరించారు. ఆయన సైకిలెక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని, తలొంచుకుని, రోడ్డు అంచున మట్టిలో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.