మూడు ఎండ రోజులు

ఆస్ముందుర్ మోకాళ్ళ మీద కూర్చుని కొట్టం మూలల్లో గడ్డిపొడి ఊడుస్తున్నాడు. పలకల సందుల్లో ఇరుక్కున్న పోచల్ని వేళ్ళతో పీకి గంపలో వేసుకుంటున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చలికి పగిలి మానిన పెదవులు, మంచు కొరికిన మచ్చలున్న చెవులు, పొగమంచులోనూ తన గొర్రెని నడకను బట్టి పోల్చుకోగల కళ్ళు. గాడికి అవతల అరవై రెండు చూడి గొర్రెలు అరవడం కూడా మానేసి అతని చేతులకేసే చూస్తున్నాయి. ఆ చూపులు భరించలేక తల వంచుకునే ఊడ్చాడు.

మే నెల వచ్చి పది రోజులైంది. ఇంటి ముందు గడ్డినేల మీద మంచు ఇంకా మోకాటి లోతు ఉంది. ఐస్‌లాండ్ ఉత్తరాన ఆ లోయలో మేలో మంచు ఎవరికీ వింత కాదు. మేలో గడ్డి నిండుకోవడం మాత్రం రైతుకి తల కొట్టేసినట్టుంటుంది. మందని పస్తులు పెట్టినవాడని పేరొస్తే అది ఇంటి పేరై కూర్చుంటుంది.

తప్పు వానది కాదని అతనికి తెలుసు. పోయిన జూలైలో గడ్డి కోసి ఆరబెట్టాడు. ఏటా వేసవిలో రెండు రోజులు గుడారం, గాలం వీపుకి తగిలించుకుని కొండమీది సరస్సుకి ఒక్కడే వెళ్ళడం అతని అలవాటు. ఈసారి భార్య సోల్రున్, "ఇరవై ఆరేళ్ళయింది నిన్ను కట్టుకుని. ఆ సరస్సేదో నాకూ చూపించవూ?" అంది. ఆమె ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. పిల్లల చిన్నప్పుడు ఆమె ఆసుపత్రిలో ఉన్న చలికాలమంతా కూతుళ్ళిద్దరికీ జడలల్లడం నేర్చుకుని, గొర్రెల వాసన కొట్టే ఆ వేళ్ళతోనే వాళ్ళని బడికి తయారుచేసి పంపినవాడు అతను. కాదనలేకపోయాడు. గడ్డి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. రెండు రోజులనుకున్నది మూడు రోజులున్నారు, మూడు రోజులూ ఎండ కాసింది. మొదటి చేప పడినప్పుడు ఆమె చిన్నపిల్లలా కేక పెట్టింది. ఇల్లు చేరిన సాయంత్రమే చినుకు మొదలైంది. పదిహేడు రోజులు తెరిపి ఇవ్వలేదు. సగం గడ్డి నేలమీదే నల్లబడి కుళ్ళిపోయింది.

"గ్రీముర్ దగ్గరికి వెళ్ళు," అంది సోల్రున్, ఎండుచేపకి వెన్న రాసి అతని ముందు పెడుతూ.

"రేపటికి కరుగుతుంది."

"వారం నుంచీ అదే పాట. పోనీ నేను వెళ్ళనా? సరస్సుకి వస్తానన్నది నేనేగా."

"అడిగింది నువ్వు. గడ్డిని గాలికొదిలేసింది నేను. మధ్యలో నువ్వెందుకు తల దించడం?"

గ్రీముర్ ఏటి అవతల రైతు. పదకొండేళ్ళ కిందట అతనికీ ఇలాగే గడ్డి అయిపోయింది. అప్పుడు ఆస్ముందుర్ అడిగినంతా ఇచ్చాడు. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. ఆ శరదృతువులో కొండ దిగిన గొర్రెల్ని ఎవరివి వాళ్ళకి విడదీసే చోట, లోయంతా వింటుండగా, "ఏం గ్రీముర్, ఈ ఏడైనా గడ్డి కోశావా, లేక పద్యాలే అల్లావా?" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. పద్యాలల్లే గ్రీముర్‌కి తిరుగుమాట తోచలేదు. అప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్యా వానా, కంచే తప్ప మరో మాట లేదు.

చివరికి తనే బయల్దేరి, ట్రాక్టర్ నడుపుతూ దారంతా ఆస్ముందుర్ ఒకటే వాక్యం వల్లెవేసుకున్నాడు. అక్కడ గ్రీముర్ కొట్టంలో నేలమీద పడుకుని, ఈనలేక మూలుగుతున్న గొర్రెతో అవస్థ పడుతున్నాడు.

"సమయానికొచ్చావు. నా చెయ్యి లావు, దూరడంలేదు," అన్నాడు తలెత్తకుండానే.

ఆస్ముందుర్ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. కళ్ళు మూసుకుని, లోపల వెనక్కి మడతపడ్డ కాలిని వెతికి సరిచేసి, మెల్లగా లాగాడు. పిల్ల తుమ్మి తల విదిలించింది.

"ఎన్ని కట్టలు కావాలి?" అన్నాడు గ్రీముర్.

వల్లెవేసుకున్న వాక్యంతో పని పడలేదు ఆస్ముందుర్‌కి.

"మీ ఇంట్లో గడ్డి లేదని ఈస్టర్ నాడే తెలుసు నాకు," అన్నాడు గ్రీముర్ చేతులు తుడుచుకుంటూ. "నేనే తేవచ్చు. తేలేదు. నువ్వే రావాలి, నా గుమ్మంలో నిలబడాలి అనుకున్నా. నోరులేని గొర్రెల్ని మాడ్చి ఆ ముచ్చట తీర్చుకున్నా."

"ఆ రోజు నేనన్న మాట..."

"మా ఆవిడ బండిలో కూర్చుని ఇల్లు చేరేదాకా ఏడ్చింది."

ఆస్ముందుర్ చెవులు కాలిపోయాయి. "నోరు జారానని చెప్పను. నవ్వించాలనే అన్నాను. తప్పు నాది, గ్రీముర్."

గ్రీముర్ కట్టలు మోయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి నలభై ఎక్కించారు. మధ్యలో ఒకసారి ఆస్ముందుర్ ఎడమ భుజం పట్టుకుని ఆగాడు. "కాసేపు కూర్చో," అన్నాడు గ్రీముర్. అతను వినలేదు.

ఇంటికొచ్చాక మేత పడగానే కొట్టమంతా నమిలే చప్పుడుతో నిండిపోయింది. సోల్రున్ గాడికి ఆనుకుని నిలబడింది.

"ఏమన్నాడు?"

"తిడితే బాగుండేది."

ఆమె మేస్తున్న గొర్రెలకేసి చూస్తూ అంది: "ఒకటి చెప్పనా? ఇవి ఆకలికి అరుస్తున్నప్పుడు కూడా నాకు ఆ మూడు రోజులే గుర్తొచ్చేవి. సంతోషంగానే గుర్తొచ్చేవి. నామీద నాకే సిగ్గేసేది."

అతను ఆమె మొహంకేసి చూశాడు. "నాకూ అంతే," అన్నాడు. తర్వాత, "నువ్వు పద. ఆ చివరి వరుసకి కూడా వేసి వస్తా," అన్నాడు.

ఎంతకీ రాకపోయేసరికి సోల్రున్ వెనక్కి వెళ్ళింది. అతను గడ్డికట్టకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అలిసి కునుకు తీస్తున్నాడనుకుంది. దగ్గరికెళ్ళి పిలిచింది. చెంప ముట్టుకుంది. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి.

ఏడు మైళ్ళ అవతల నుంచి కూతుళ్ళు వచ్చేలోగా గ్రీముర్ వచ్చాడు. టోపీ తీసి నిలబడ్డాడు. కొట్టంలోకి వెళ్ళి మందకి నీళ్ళు పెట్టాడు. పచ్చిక మొలిచేదాకా మూడు వారాలు రెండు పూటలా వచ్చి మేత వేసి వెళ్ళాడు.

సమాధి చేసిన రోజు చర్చి పక్క గదిలో కాఫీలు తాగుతూ ఎవరో గ్రీముర్‌ని అడిగారు, ఆఖరి రోజు ఆస్ముందుర్ మీ ఇంటికెందుకొచ్చాడని.

"నా గొర్రె ఈనలేక చస్తుంటే నేనే పిలిపించాను," అన్నాడు గ్రీముర్. "తల్లినీ పిల్లనీ కాపాడి వెళ్ళాడు."

గడ్డి మాట ఎత్తలేదు. సోల్రున్ లేచి అతని కప్పులో మళ్ళీ కాఫీ పోసింది.

మర్నాడు మేత వేస్తుంటే గాడి అంచున ఆస్ముందుర్ ఉన్ని చేతితొడుగులు కనిపించాయి గ్రీముర్‌కి. ఒకవైపు అరిగితే తిప్పి తొడుక్కోవడానికి సోల్రున్ రెండేసి బొటనవేళ్ళతో అల్లిన జత అది. ఒకవైపు అరచేయి ఉన్నిపోగులు తేలి జల్లెడైపోయింది. రెండోవైపు అప్పుడే తిప్పినట్టుంది, కొత్త ఉన్నికి నాలుగు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి.