సూదికి అందని గడ్డ

రక్తం గొట్టాల పెట్టె సగం నిండేసరికే అల్మాస్‌కు నడుము పట్టేసింది. ఆదోని జిన్నింగ్ మిల్లు గోదాములో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి రక్తం తీస్తోంది. తెర కట్టలేదు. తెర అవసరం లేకపోవడమే ఈ పరీక్ష గొప్పని ల్యాబు మేనేజరు జయరాం పదేపదే చెబుతున్నాడు.

పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లు జాకెట్టు చేతులు పైకి మడిచి వరుసలో నిలబడ్డారు. వాళ్ల కూలి రోజుకు నాలుగు వందలు. పరీక్ష ఆరు వేలు. అందులో సగం మిల్లు యజమాని పెట్టుకుంటాడు, మిగతా సగం నెలనెలా కూలిలో పట్టుకుంటారు.

"రొమ్ములో క్యాన్సర్ ఉంటే దాని కణాలు రక్తంలోకి వచ్చి తిరుగుతాంటాయి. వాటి గుర్తు మా మిషను పట్టేస్తాది. డాక్టరు ముందర జాకెట్టు ఇప్పే పనిల్యా. సెయ్యి సాపితే సాలు." జయరాం గొంతు యంత్రాల మోతను మించి పలికింది. తర్వాత, ఎమ్మిగనూరు నుంచి ఈ పరీక్ష చేయించుకున్న మనిషే వచ్చిందని, ఆమె మాటే వినమని అన్నాడు.

అల్మాస్ తలెత్తింది. ఆటో దిగి గోదాములోకి వస్తున్నది నసీబ్‌బీ, తన సొంత చిన్నమ్మ. ఆమెను పిలిపించినట్టు జయరాం తనతో మాటమాత్రం అనలేదు.

నసీబ్‌బీ, ఆమె మొగుడు నూర్ బాషా ఎమ్మిగనూరులో పరుపులు కుడతారు. పోయిన ఎండాకాలం నసీబ్‌బీ ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నూర్ బాషా కర్నూలు తీసుకుపోతానన్నాడు. మగ డాక్టరు ముందు రైక విప్పడం కంటే చావడం మేలని ఆమె మొండికేసింది. అప్పుడు అల్మాసే రక్తపరీక్ష ఉందని చెప్పింది. తనే రక్తం తీసింది. కణాలు కనపడలేదని రిపోర్టు రాగానే తనే ఫోన్ చేసి, ఏం లేదు చిన్నమ్మా అని చెప్పింది.

నసీబ్‌బీ ఆడవాళ్ల ముందు నిలబడి కొంగు సర్దుకుంది. మాట్లాడటం అలవాటు లేక తడబడుతూనే, మా అల్మాస్ సూసింది, ఏం లేదనింది, అప్పట్నుంచి నిమ్మళంగా ఉన్యా అని చెప్పింది. వరుసలో ముందున్న జ్యోతి అనే పిల్ల నవ్వి, సూది నొప్పి తప్ప ఏమీ లేదన్నమాట అంది. అందరూ నవ్వారు.

అల్మాస్ నవ్వలేదు. చిన్నమ్మ ఎడమ చేతిని ఒంటికి అదిమి పెట్టుకుంది. రైక ఎడమ వైపు ఎత్తుగా ఉంది. అంచు దగ్గర తెల్లగా పత్తి బయటికొచ్చింది.

అల్మాస్ ఆమె చేయి పట్టుకుని పత్తి బేళ్ల వెనక్కి తీసుకుపోయింది. ఏందిదని అడిగింది.

"కొంచెం కారతాంది లేమ్మా. ఏకిన పత్తి పెట్టుకుంటే తడి తెలీదు," అంది నసీబ్‌బీ, పిల్లకు నచ్చజెప్పినట్టు. "నువ్వు ఏం లేదంటివి గదా. సెగగడ్డేమో, పగిలి పోతాదిలే అనుకున్యా."

అల్మాస్ పత్తిని పక్కకు జరిపి చూసింది. చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది. వేలు పెడితే గడ్డ కదల్లేదు.

హైదరాబాదు ట్రైనింగులో చెప్పినదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. అసలు మర్చిపోతేగా గుర్తు రావడానికి. జబ్బు ఉందని తేలినవాళ్లకు మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఈ పరీక్ష కొంత సాయం చేస్తుంది. కొత్త గడ్డ ఉన్నప్పుడు రక్తంలో కణాలు మరీ తక్కువ కావచ్చు, తీసిన ఆ కాస్త రక్తంలోకి ఒక్కటీ రాకపోవచ్చు. గడ్డ చేతికి తగిలిందంటే రిపోర్టు ఏం చెప్పినా స్కానింగ్ చేయాలి, ముక్క తీసి చూడాలి. ట్రైనింగు చివరి పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే అల్మాస్ సరిగ్గానే రాసింది. పాసైంది. చిన్నమ్మ గొట్టం మీద వచ్చిన కమీషన్ మూడు వందలు కూడా తీసుకుంది.

జయరాం బేళ్ల పక్కకు వచ్చాడు. విషయం సగం అర్థమైనట్టుంది, గొంతు తగ్గించాడు. చిన్నమ్మకు ఇంకోసారి ఉచితంగా రక్తం తీయమన్నాడు. అందరి ముందు తీస్తే వాళ్లకూ ధైర్యం వస్తుందన్నాడు. డాక్టరు దగ్గరికి పోవద్దని మనం ఎవరికీ చెప్పలేదు కదా అని కూడా అన్నాడు.

నసీబ్‌బీ అప్పటికే కుర్చీలో కూర్చుని చేయి చాపింది. అల్మాస్ రబ్బరు పట్టీ కట్టింది. నరం ఉబ్బింది. సూది మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"నెత్తర వద్దు చిన్నమ్మా. ఈ పొద్దే కర్నూలు పోవాల."

"ఏమిటికి?"

"గడ్డ తగుల్తాంటే ఈ పరీక్ష సాలదు. అప్పుడే పోయుండాల."

నసీబ్‌బీ ఆమె ముఖంలోకి చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధానికి దారి ఉంది. ఇప్పుడే, గడ్డ చూశాక, అంటే చాలు.

"నెత్తర తీసేనాటికే తెలుసు," అంది అల్మాస్.

రేపటి నుంచి పనికి రావద్దని జయరాం అనడం అల్మాస్‌కు ఎక్కడో దూరంగా వినిపించింది.

నసీబ్‌బీ పట్టీని తనే విప్పుకుని బల్ల మీద పెట్టింది. "ఆ పొద్దు మీ చిన్నాయన ఆటో మాట్లాడుకోని వాకిట్లో నిలబడుకోనుండె. నీ ఫోనొచ్చినాకనే ఆటో పంపిచ్చేసినాడు." గొంతులో కోపం లేదు. తనూ వెంట పోదామని అల్మాస్ తన బ్యాగు అందుకోబోతే చేయి అడ్డం పెట్టింది. "నువ్వు రావద్దు."

ఆమె ఆడవాళ్ల వైపు తిరిగి, కర్నూలుకు తోడు ఎవరైనా వస్తారా అని అడిగింది. అప్పటికే రక్తం ఇచ్చి పక్కన కూర్చున్న హులిగమ్మ లేచింది. ఒకపూట కూలి పోతుందని ఎవరో హెచ్చరించారు.

"పోనీలే. నాకూ సంకలో ఒకటి తగుల్తాంది," అని హులిగమ్మ చెప్పులు వేసుకుంది.

ఇద్దరూ బయట ఆగి ఉన్న ఆటో ఎక్కారు. అల్మాస్ గేటు దాకా పరుగెత్తింది. ఆటో కడ్డీ పట్టుకుని, ఆయాసపడుతూ, కర్నూలు ఆసుపత్రిలో ఈ గడ్డలు చూసేది ఆడ డాక్టరేనని, మగవాళ్లెవరూ లోపలికి రారని, భయపడొద్దని చెప్పింది.

నసీబ్‌బీ సీట్లో కొంచెం ముందుకు వంగింది.

"అది గూడా అప్పుడే తెలుసా?"

అల్మాస్ చేయి కడ్డీ మీదనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరిగి, చేయి తీయమ్మా అన్నాడు.